మా వీధిలో ఎవరికీ సుగర్ లేదు

బరంపురం, గేట్‌బజార్ వెనక వీధి
జ్యేష్ఠం, ఉక్కపోత

చిరంజీవి స్నేహకు,

మీ ఢిల్లీ మావయ్య దీవెనలు. నన్ను ఢిల్లీశ్వరరావు అని పూర్తిగా పిలిచేది పెన్షను ఆఫీసొక్కటే కాబట్టి నీకు ఢిల్లీ మావయ్యనే. ఇక్కడ మీ అత్త, నేను, స్కూటరు ముగ్గురం ఓ మోస్తరుగా ఉన్నాం.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. రైల్వే పార్సెల్ ఆఫీసులో గూడ్సు బళ్ళ మోత మధ్య పెరిగిన గొంతు నాది. నేను ఫోన్లో గుసగుసగా చెప్పినా స్టేషన్లో కూలీలు తలెత్తి చూస్తారని మీ అత్త అంటుంది. ఇదేమో వ్యాపార రహస్యం. పైగా మీ అత్త చెవిన అసలు పడకూడదు. అందుకే స్పీడ్ పోస్టు. నువ్వు కూడా మీ ఆఫీసు కవర్లోనే జవాబు రాయి. పెన్షను కాగితాలనుకుని ఆవిడ ముట్టుకోదు.

విషయమేమిటంటే, నేనొక కంపెనీ పెట్టాను. పేరు ‘తీపి కబురు’. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటావేమో, బోర్డు కూడా రాయించేశాను.

పని చాలా తేలిక. తెల్లవారగానే, జనం ఇంకా ఏమీ తినకముందే ఇంటింటికీ వెళ్తాం. వేలు గుచ్చి, చుక్క రక్తం పట్టీకి అద్ది, సుగర్ ఎంతుందో అక్కడికక్కడే చెబుతాం. ఎక్కువుంటే డాక్టరు దగ్గరికి తోలతాం. స్కూటరు నాది. వెనక సీటు పైడన్నది. పైడన్న ఒక నర్సింగ్ హోములో రక్తం తీసే పని చేసి రిటైరయ్యాడు, గుచ్చడం అతని వంతు. నేను గుమ్మంలో వీధివైపు తిరిగి నిలబడి పేర్లు రాసుకుంటాను.

ఒకటే చిక్కు. పరగడుపున ఉండమంటే మన బరంపురం వాళ్ళకి అర్థం కాదు. “ఏటీ తినలేదు కదా?” అని పైడన్న అడుగుతాడు. “ఏటీ తినలేదు బాబూ. టీలో నాలుగు బిస్కట్లు ముంచుకున్నాను, అంతే” అంటారు. టీ తిండి కాదట. బిస్కట్టు టీలోకి వెళ్ళిపోయాక అదీ తిండి కాదట.

ఇక అసలు సంగతి. ఇది నీకొక్కదానికే.

ఉగాదికి కొన్న చెప్పు కరిచి మీ అత్త కాలికి పుండైంది. ఇప్పటికీ మానలేదు. కూజాలో నీళ్ళు నింపుతూనే ఉన్నాను, ఆవిడ దాహానికి అవి అయిపోతూనే ఉన్నాయి. వాళ్ళ అమ్మకి ఇలాగే మొదలై చివరికి పాదం తీసేశారు. అందుకని పరీక్ష మాటెత్తితే చాలు, మీ అత్త అప్పలనరసమ్మ, అప్పలనరసమ్మలా ఉండదు. “సూపించుకుంటే ఉన్నట్టు, సూపించుకోపోతే లేనట్టు” అంటుంది. నేను వదల్లేదు. ఓ రోజు విసుగొచ్చి దేవుడి పటం ముందే అనేసింది: “నా ఒక్కదాని ఏలే దొరికిందేటి మీకు? ముందు ఈదంతా పొడిపించండి. ఈదిలో ఆకరి ఏలు అయ్యాక నా ఏలు ఇస్తాను.”

పటం ముందు అన్నమాట ఆవిడ తప్పదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఇంట్లో గెలవాలంటే నేను ముందు రచ్చ గెలవాలి.

రచ్చ గెలవడానికి నా పెన్షను చాలడం లేదు. ఆ పట్టీలు ఒకసారి వాడితే మళ్ళీ పనికిరావు. మీ ఆఫీసు ఆరోగ్యం పేరు మీద పెట్టే కొత్త వ్యాపారాలకి పెట్టుబడి ఇస్తుందని మీ అమ్మ చెప్పింది. నన్ను కూడా ఒక కొత్త వ్యాపారంగా చూడమని చెప్పు.

మీ మావయ్య

హైదరాబాదు
అదే నెల చివర, ఏసీ గదిలో చలి

మావయ్యా,

నీ కవరు వచ్చినప్పుడు మా ఆఫీసులో సగంమంది చుట్టూ చేరారు. స్టాంపు అంటించిన ఉత్తరం చూడటం కొందరికి అదే మొదటిసారి. ఒకమ్మాయి ఫోటో కూడా తీసుకుంది.

మొదట నవ్వాను. ‘అసలు సంగతి’ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. నువ్వు పెట్టింది కంపెనీ కాదు మావయ్యా, ఒకావిడ వేలు కోసం వేసిన ఎత్తు. నేను ఫోన్ చేసి అత్తని గట్టిగా అడిగేస్తే పోదా?

అయినా నీ కాగితంలో వ్యాపారం గురించి ఉన్న భాగం మా పెద్ద మేడమ్‌కి చూపించాను. అత్త గురించి ఉన్న పేజీ నా దగ్గరే ఉంచుకున్నాను. మేడమ్‌కి ఆశ్చర్యంగా నచ్చింది. చిన్న ఊళ్ళలో ఇంటికి వెళ్ళి చేసే పరీక్షల మీదే ఆవిడకి ఈ ఏడాది మోజు. నిన్ను కొన్ని ప్రశ్నలు అడగమన్నారు. నీ మార్కెట్ ఎంత? నీకు పోటీ ఎవరు? ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటావు? డబ్బు పెట్టినవాళ్ళు లాభంతో ఎప్పుడు, ఎలా బయటికి వెళ్తారు? దయచేసి సూటిగా రాయి. సామెతలు వద్దు.

స్నేహ

బరంపురం
ఆషాఢం, వాన మొదలు

చి. స్నేహకు,

ఫోన్ చెయ్యకు. చేస్తే ఆవిడ మొండికేసి మీ ఊరంతా కూడా పొడిపించమంటుంది. హైదరాబాదు నా స్కూటరుకి దూరం.

జవాబులు ఇవిగో. మార్కెట్టు ఎంతంటావా, మా చుట్టుపక్కల పొలసర నుంచి సోనేపూర్ దాకా ఎప్పుడైనా పెళ్ళిభోజనం చేసిన ప్రతి మనిషీ. మా వీధి చివర మిఠాయి కొట్టు ఉంది, కానీ అది పోటీ కాదు, మాకు సరుకు తయారుచేసి పంపేది అదే. ఐదేళ్ళ తర్వాత నేను ఎక్కడుంటానన్నది నన్ను కాదు, పైవాణ్ణి అడగాలి. స్కూటరు మాత్రం ఇక్కడే ఉంటుంది, దాన్ని ఎవరూ కొనరు. ఇక డబ్బు పెట్టినవాళ్ళు ఎలా బయటికి పోతారని అడిగావు. లోపలికి రాకుండానే, ఒక కప్పు కాఫీ అయినా తాగకుండానే, పోయే దారి అడిగేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానమ్మా.

సామెతలు రాయలేదు, గమనించు.

పని సగంలో ఆగింది. పేదాసాదా ఇళ్ళలో వేళ్ళు హాయిగా ఇచ్చారు. పెద్ద గుమ్మాల దగ్గరే తంటా. ఎదురింటి బాలామణి సంగతే చూడు. వాళ్ళాయన జగదీశ్వరరావు మేష్టారు నడుస్తుంటే జేబులో మాత్రల డబ్బా గలగలమంటుంది, వీధంతా వింటుంది. అయినా బాలామణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “మా ఇంట్లో అలాంటియి లేవు అన్నయ్యా. పెళ్ళి కావాల్సిన గుంట ఉంది. ఆ సుగరూ గిగరూ మా గుమ్మం మీద రాయించుకుంటామేటి?” అంది. వాళ్ళ ప్రణతికి సంబంధాలు చూస్తున్నారు. మన వీధిలో పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ ఉండదు. పెళ్ళయిన మర్నాటి నుంచి అందరికీ అన్నీ ఉంటాయి.

పక్కింటి పాణిగ్రాహి గారు పోయిన నెల పైడన్న చేత గుచ్చించుకున్నారు. అంకె చూసి, మనవరాలి పెళ్ళయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నారు. నీకు చెబితే ఒట్టు తీసి గట్టున పెట్టినట్టే. కానీ నువ్వు హైదరాబాదులో ఉన్నావు.

మీ అత్త పుండు మీద పసుపు రాస్తోంది. నేను చూస్తే కాలు చీరలోకి లాక్కుంటోంది. త్వరపడమ్మా.

మీ మావయ్య

హైదరాబాదు
శ్రావణం ముందు

మావయ్యా,

నీ జవాబులు మేడమ్‌కి చదివి వినిపించాను. కాఫీ మాట దగ్గర ఆవిడ నవ్వారు. మా ఆఫీసులో ఆవిడ నవ్వడం డబ్బు రావడం కన్నా అరుదు.

పై వారం ప్రద్యుమ్న అని మా ఆఫీసు అబ్బాయి మీ వీధికి వస్తున్నాడు. ఇంటింటికీ తిరిగి, ఎంతమందికి ఏ జబ్బులున్నాయో, మందుల మీద ఎంత ఖర్చు పెడుతున్నారో అడిగి లెక్క తేలుస్తాడు. పనిలో నిక్కచ్చి మనిషి. మా ఆఫీసు నియమం ఒకటుంది. తను ఎవరి తరపున వచ్చాడో వీధిలో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే నీ మొహం చూసి లేని జబ్బులు కూడా చెబుతారని మేడమ్ భయం.

అందుకని నా మీద ఒట్టు. ఎవరు ఏమడిగినా “నేను చెప్పకూడదు” అను. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు. అత్తతో కూడా.

స్నేహ

బరంపురం
శ్రావణం, పెళ్ళిళ్ళ సీజను

స్నేహా,

నీ ఒట్టు నా కొంప ముంచింది. మర్నాడు తేల్చింది కూడా. వరసగా చెబుతాను, మధ్యలో లేచిపోకు.

ప్రద్యుమ్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి తలకట్టు, చేతిలో పలకలాంటి కంప్యూటరు, నోటినిండా అండీ అండీ. ముందుగా బాలామణి గుమ్మం ఎక్కాడు. ఇంట్లో ఎంతమంది ఉంటారండీ? సొంతిల్లేనా? మేష్టారి రాబడి ఎంత? ఎవరికైనా సుగర్, బీపీ, గుండెజబ్బు ఉన్నాయా? అమ్మ తరపున? నాన్న తరపున?

ఇప్పుడు నువ్వే చెప్పు. శ్రావణమాసంలో, ముక్కూ మొహం తెలియని అందమైన కుర్రాడు, పెళ్ళీడు పిల్లున్న ఇంటికొచ్చి ఈ ప్రశ్నలే అడిగితే వాణ్ణి మనవాళ్ళు ఏమనుకుంటారు? మగపెళ్ళివారి తరపున గుట్టుగా ఆరా తీయడానికి వచ్చాడనుకుంటారు. బాలామణీ అదే అనుకుంది. వాడు ఆ ఇంటి మెట్లు దిగేలోగా కబురు వీధి చివరికి వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకు అన్నగారి తరపున వచ్చాడని కొందరు, కాదు పెళ్ళికొడుకే మారువేషంలో వచ్చాడని కొందరు.

ఆ పూట మా వీధి నుంచి రోగాలన్నీ గోపాలపూర్ సముద్రంలోకి దిగిపోయాయి. జగదీశ్వరరావు మేష్టారు జేబులో డబ్బా బియ్యం డ్రమ్ములో దాక్కుంది. రోజూ గోడ పట్టుకుని మెట్లు దిగే మనిషి, పాట పాడుకుంటూ చకచకా దిగి, కింద వరండా స్తంభాన్ని కావలించుకుని ఊపిరి తీసుకున్నారు. పాణిగ్రాహి గారు వాడి ఎదుటే రసగుల్లా మీద రసగుల్లా మింగి, “మో దేహరె కిఛి నాహి బాబూ” అని గుండె చరుచుకున్నారు. ఆయన ఒంట్లో ఏమీ లేదట! పైడన్న నా వెనక నిలబడి, “నానే గుచ్చినాను బాబూ, నా సేత్తో నానే గుచ్చినాను” అని తనలో తనే గొణుక్కుంటున్నాడు. నేనేమనగలను? నేను చెప్పకూడదు.

చివరికి మా ఇల్లు. మీ అత్త ఆ ఉక్కలో కాలికి మేజోడు తొడుక్కుని కూర్చుంది. పుండు కనపడకుండా. “మా వంశంలో జలుబన్న మాట కూడా లేదు బాబూ. మా ఆడపడుచు కూతురు స్నేహ అని ఉంది, ఐదరాబాదులో పెద్ద ఉద్యోగం. ఆ గుంటకైతే తుమ్ము కూడా రాదు” అంది. గోడ మీద నీ ఫోటో చూపించింది. కిటికీలోంచి బాలామణి చూస్తోందని, గిన్నెడు పాయసం తెచ్చుకుని వాడి ముందే గబగబా తింది.

ఆ చెంచాలు ఒక్కొక్కటీ ఆవిడ నోట్లోకి పోతుంటే నాకు ఏడుపొచ్చింది స్నేహా. గిన్నె లాగేసుకుందామని చెయ్యి కూడా చాపాను. నాకూ పాయసం కావాలేమో అనుకుని ఇంకో గిన్నె తెచ్చింది.

వెళ్తూ వెళ్తూ ప్రద్యుమ్న నా చెయ్యి ఊపి, “సార్, మీ వీధిలో ఎవరికీ సుగర్ లేదండీ. ఇలాంటి వీధిని నేనెక్కడా చూడలేదు” అన్నాడు. వాడి మొహంలో నా మీద జాలి కనిపించింది. లాడ్జికి పోయి అదే రాసి మీ మేడమ్‌కి పంపించేశాడు.

నేను అరుగు మీద కూలబడ్డాను. బాలామణి వచ్చింది.

“అన్నయ్యా, ఆ బాబు మీ ఇంట్లోనే ఎక్కువసేపు కూకున్నాడు. ఎవరి తరపేటి?”

“నేను చెప్పకూడదమ్మా.”

“సుగర్ మీదే అన్నిసార్లు అడిగినాడు. ఆళ్ళకి ఏటైనా చీటీ సూపించాలేటి?”

“నేను చెప్పకూడదు.”

“ఉత్త మాట సెబితే సాలదేటి? పరీక్ష చీటీ కావాలా?”

“అమ్మా, నా మేనకోడలి మీద ఒట్టు. నేను చెప్పకూడదు.”

ఆవిడ నా మొహంలోకి చూసి మెల్లగా తలాడించింది. “అర్థమైపోనాది అన్నయ్యా. ముందు చీటీ, తరవాతే జాతకం. ఈ కాలం పెళ్ళివోరు!” అని కొంగు దోపుకుని వెళ్ళిపోయింది. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, నువ్వే సాక్షి.

తెల్లారి తలుపు తీద్దును కదా, మా గుమ్మం నుంచి మిఠాయి కొట్టు దాకా వరస! బియ్యం కార్డులకి కూడా అంత వరస చూడలేదు. ఇదివరకు ఇచ్చినవాళ్ళూ కొత్త చీటీ కోసం మళ్ళీ వచ్చారు. ఏ ఒక్కరి నోటా టీ లేదు, బిస్కట్టు లేదు. అంకె తక్కువ రావాలని కొందరు ముందునాటి మధ్యాహ్నం నుంచే మానేశారు. మేష్టారైతే మాట్లాడితే ఎక్కడ ఉమ్మి మింగాల్సొస్తుందోనని సైగలు చేస్తున్నారు. మిఠాయి కొట్టువాడు కొనేవాడు లేక, తనూ వచ్చి వరసలో నిలబడ్డాడు. మా బావమరిది దాలయ్య, అదే అప్పడాలూ ఊరగాయల దాలయ్య, పట్టీలు చాలవేమోనని పరుగెత్తి మందుల షాపు తెరిపించి పెట్టెడు తెచ్చాడు. వాడికీ ఒక కూతురుంది.

పైడన్న అంకెలు చదువుతుంటే బేరాలు మొదలయ్యాయి. “కాసింత తగ్గించి రాయి బాబూ” అని ఒకావిడ. “ఇదేటి, కూరగాయల కొట్టేటమ్మా?” అని పైడన్న. సగానికి పైగా ఎక్కువే వచ్చాయి. తమాషా ఏమిటంటే, దొంగతనంగా రోజూ మాత్ర వేసుకునే మేష్టారికి అంకె సరిగ్గా ఉంది. ఏ జబ్బూ లేదన్న బాలామణికే ఎక్కువ. ఆవిడ కాసేపు ఏడ్చి, తర్వాత, “ఇన్నాళ్ళూ మీ డబ్బా ఒక్కటే మోగింది, ఇక రెండు మోగుతాయి” అని మొగుడి మీద విసుక్కుంది.

సెలవు తీసుకుందామని వచ్చిన ప్రద్యుమ్న నోరు తెరిచి నిలబడిపోయాడు. కాసేపటికి ఆ పలక తీసి మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టాడు.

వీధి అయిపోయింది. వరసలో ఆఖరున మీ అత్త ఉంది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చి నిలబడింది. మధ్యలో చిన్న ఆటంకం వచ్చింది కానీ అది రాసేంత పెద్దది కాదు. ఆ తర్వాత మీ అత్త వేలు ఇచ్చింది.

అంకె ఎంతని అడగకు. ఇప్పుడు రాయలేను. డాక్టరు దగ్గరికి బయల్దేరుతున్నాం, ఆవిడ చెప్పులు వెతుక్కుంటోంది.

మీ మావయ్య

హైదరాబాదు
శ్రావణం చివర

మావయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు తీయవు, అత్త తీసి “బాగున్నామమ్మా” అని పెట్టేస్తుంది. అంకె రాయకుండా కవరు మూసే మనిషివని తెలిస్తే నీ చేత ఆ ఒట్టు వేయించుకునేదాన్ని కాదు.

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను. మేడమ్ ఒప్పుకోలేదు. ఆవిడ బల్ల మీద రెండు రిపోర్టులు పక్కపక్కన ఉన్నాయి. మొదటిదాంట్లో వీధిలో జబ్బున్నవాళ్ళు సున్నా. మర్నాటి దాంట్లో సగానికి పైన. “ఒక్క రాత్రిలో ఇంత ఎదిగిన కంపెనీలు నా అనుభవంలో రెండే చూశాను. రెండు చోట్లకీ పోలీసులు వచ్చారు” అన్నారు. ప్రద్యుమ్న నీ తరపున చాలాసేపు వాదించాడు. పెళ్ళి, చీటీ, మేజోడు అంటూ అన్నీ చెప్పాడు. అతను వివరించేకొద్దీ మేడమ్‌కి అనుమానం పెరిగింది.

ఇక దాచడం అనవసరమని, నేను దాచుకున్న ఆ పేజీ ఆవిడకి ఇచ్చేశాను. ‘రచ్చ గెలవాలి’ దాకా చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “డబ్బు ఇవ్వలేను స్నేహా. కానీ ఆవిడ అంకె ఎంతో తెలుసుకుని చెప్పు” అన్నారు.

నాకు సిగ్గుగా ఉంది మావయ్యా. నీకు ఆశ పెట్టి ఏమీ చేయలేకపోయాను. ఇక్కడ అందరూ అత్త గురించే అడుగుతున్నారు. ప్రద్యుమ్న అయితే రోజూ నా బల్ల దగ్గరికొచ్చి, “అత్తగారి కాలెలా ఉందండీ” అంటాడు. ఏం చెప్పను?

స్నేహ

బరంపురం
భాద్రపదం, చవితి ఉండ్రాళ్ళు లేవు

చి. స్నేహకు,

రెండువందల ఎనభై. పరగడుపున.

డాక్టరు కాలు చూసి తిట్టాడు. నన్నూ కలిపి తిట్టాడు. తర్వాత, “ఇంకా ఆలస్యం చేసుంటే ఏమయ్యేదో, సమయానికే వచ్చారు, కాలికి ఢోకా లేదు” అన్నాడు. బయటికొచ్చి స్కూటరెక్కి, స్టార్టు చెయ్యడం మరిచిపోయి కూర్చున్నాను. మీ అత్త వెనక కూర్చుని, “ఏటండీ, ఇంకా ఎల్లరా?” అంది. ఆ గొంతు విన్నాక బండి కదిలింది. ఇప్పుడు రోజూ కట్టు మారుస్తున్నారు, మాత్రలు వేసుకుంటోంది, పుండు ఎండుతోంది. ఈ మాట మీ మేడమ్‌కి చెప్పు.

డబ్బు గురించి సిగ్గుపడకు. పెట్టుబడి దొరికింది. మన దాలయ్య ఇచ్చాడు. ఒక ఎలక్ట్రిక్ ఆటో, కొత్త మిషను, పట్టీలు. షరతు ఒక్కటే, ఆటోకి ఒక పక్క తన ఊరగాయల పేరు, ఇంకో పక్క అప్పడాల బొమ్మ వెయ్యాలి. ముందువైపు మాత్రం నాదే. అక్కడ ‘ఉప్పు తగ్గించండి’ అని రాయించాను. ఇదేం పొంతనని నేను బాధపడుతుంటే, “ఊరగాయ తిన్నోడే కదా బాబూ మనకి గిరాకీ” అన్నాడు పైడన్న. దాలయ్య ఎప్పుడు ఎలా బయటికి పోతాడని అడిగాను. “బావా, నానెక్కడికీ పోను” అన్నాడు. రోజూ ఆటోలోనే తిరుగుతున్నాడు. అదొక్కటే నష్టం.

మా వీధి అయిపోయినా జనం వదలడం లేదు. ఆ సంబంధం ఏమైందని బాలామణి ఇంకా అడుగుతోంది. నేను చెప్పకూడదు అంటున్నాను.

ఈ కవర్లో మీ అత్త కాగితం కూడా ఉంది. నన్ను చదవొద్దంది. చదవలేదు.

మీ మావయ్య

అమ్మడూ స్నేహా,

మీ అత్త రాస్తన్నాను. మీ మావయ్యలాగ పుస్తకాల బాస నాకు రాదు, మాటాడినట్టే రాస్తన్నాను, సదువుకో.

ఆయన నీకు రాయనిది ఒకటుంది. ఆ పొద్దు వరసలో ఆకరికి నానొచ్చేసరికి, ఈదిలో ఏలు ఇయ్యనోళ్ళు ఇంకా ఒకరు మిగిలిపోనారు. ఎవరనుకున్నావు? కంపెనీ యజమాని! ఇన్నాళ్ళూ ఊరందరికీ గుచ్చించి, తనుమటుకు గుమ్మంలో ఈదివైపు తిరిగి నిలబడీవోరు. నానూరుకోలేదు. “ఆకరి ఏలు అయ్యాకే నాది అన్నాను కదేటి, మీదేదండీ?” అన్నాను. మొకం తెల్లబోయింది. కళ్ళు మూసుకుని ఏలు ఇచ్చినారు. బొట్టు రకతం సూసినారు. అరుగు మీద నిలువునా పడిపోనారు. మొకాన నీళ్ళు కొట్టి లేపినాం. సుగర్ లేదు, దైర్యం లేదు.

ఆ పిల్లడు పెళ్ళివోరి తరపు కాదని నాకు ముందే తెలుసు. ఇంటింటికీ తిరిగినాడు, ఒక్క గుమ్మంలోనైనా గోత్రం అడిగినాడేటి? గోత్రం అడగని పెళ్ళివోడు ఉంటాడా? ఈదంతా ఆశమీద ఉన్నారు, ఎవలికీ తట్టలేదు. నానూ నోరిప్పలేదు. ఇప్పితే వరస సెదిరిపోయీది, నా ఏలు నాకు మిగిలిపోయీది.

మిగుల్చుకోవాలనే ఉండేది గుంటా. ఈదంతా పొడిపించమన్నది ఎందుకు, అది అయ్యే పని కాదనే కదా. మా అమ్మ కాలు నా కళ్ళముందే ఉంటాది. కానీ అరుగు మీద ఆ మనిషి అలా పడుంటే సూసినాను. సూదంటే ఇంత బయం ఉన్నోడు, నా ఒక్క ఏలు కోసం రోజూ పొద్దున్నే లేచి సూదుల సుట్టూ తిరిగినాడు. బయం నాది, తిరిగింది ఆయన. పైడన్న ముందు సెయ్యి సాపినాను. ఏటీ నొప్పి లేదు.

ఇంకో మాట. ఆ పిల్లడు, ప్రద్యుమ్న, ఎల్లేముందు మా గోడ మీద నీ ఫోటో ముందు నిలబడినాడు. గుమ్మం దాకా ఎల్లి, గొడుగు మర్సిపోనానని ఎనక్కొచ్చి మళ్ళీ నిలబడినాడు. ఆడి సేతిలో గొడుగు ఉంది. ఆళ్ళ గోత్రం నానే అడిగినాను, మీది కాదు. వరసలో నా ముందు ఆణ్ణే నిలబెట్టి గుచ్చించినాను. తొంబై రెండు.

ఇక నీ ఇష్టం.

మీ అత్త
అప్పలనరసమ్మ